గాలి దారుల్లో అందరి వాటా

(సంఘము వార్షిక సభలో, మోస్రాలో చేసిన ప్రసంగ పాఠము)

 

ప్రతి ఏటా ఈ సభలో చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, వైద్యము గురించి చెప్పుకుంటున్నాము. ఈసారి సెల్‌ఫోను సిగ్నలు గురించి చెప్పడమేమిటని కొందరికి అనిపించవచ్చు. కారణము ఉన్నది. ఈనాడు స్కాలర్‌షిప్పు దరఖాస్తు ఈపాస్‌లోనే పెట్టాలి. హజ్ యాత్రకు దరఖాస్తు కూడా ఆన్‌లైన్లోనే. రేషను బియ్యము కావాలన్నా మిషను మీద వేలు పెట్టాలి, ఆ మిషనుకు నెట్ ఉండాలి. దుబాయిలోనో, సౌదీలోనో ఉన్న కొడుకు ముఖము చూడాలన్నా అదే నెట్. కనుక సిగ్నలు దొరకని ఇల్లు అనేక హక్కులకు దూరమైన ఇల్లు. దానిని ఫోను కంపెనీల వ్యవహారమని వదిలివేయరాదని మా అభిప్రాయము.

మన సభ్యులు తరచు అడిగే ప్రశ్న ఒకటే. "టవర్ గక్కడ కనబడుతనే ఉన్నది, ఫోన్‌ల నాలుగు గీతలు ఉన్నయి, రాత్రి ఎనిమిదింటికి నెట్ ఎందుకు నడవదు?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే రెండు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి చిన్న సెల్ అంటే ఏమిటో, రెండవది గాలి దారులను పదిమంది పంచుకొని వాడుకోవడము ఎట్లాగో.

కాలువ నీళ్లతో పోలిక

మన ఇలాకాలో కాలువ నీళ్ల సంగతి తెలియనివారు లేరు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారి పేరు మన పెద్దలకు ఇప్పటికీ నోటి మీదనే ఉంటుంది. ఆ నీటితోనే బోధన్ చెరకు పండింది, వర్ని, మోస్రా వైపు వరి పండింది. చెరువు ఎంత పెద్దదైనా నీళ్లు మాత్రము లెక్కకు లోబడినవే. పై తూము దగ్గర ఉన్నవాడు రాత్రిపూట మోటారు పెట్టి తోడుకుంటే చివరి భూములవాడికి తడి అందదు. అందుకే వంతులు వచ్చినవి, వారబందీ వచ్చింది, షట్టరు దగ్గర లస్కరు వచ్చినాడు.

రేడియో తరంగాలు కూడా అటువంటివే. మన ఫోను మాట, చిత్రము, ఉత్తరము అన్నీ గాలిలో తరంగాలుగా పోతాయి. ఆ తరంగాలకు వేరు వేరు దారులున్నవి. వాటిని ఫ్రీక్వెన్సీలు అంటాము. ఆ దారులన్నీ కలిసిన పట్టీ పేరు స్పెక్ట్రమ్. ఒకేచోట, ఒకే సమయములో, ఒకే దారిలో ఇద్దరు గట్టిగా మాట్లాడితే ఇద్దరి మాటా వినబడదు. అందుకని ఈ దారులను పంచాలి. ఎవరు పంచాలి, ఎట్లా పంచాలి అన్నదే నూరేళ్లుగా నడుస్తున్న చర్చ.

ఒక తేడా మాత్రము గుర్తుంచుకోవాలి. కాలువ నీరు ఒక మడికి పారితే ఇంకొక మడికి ఉండదు. తరంగము అట్లా కాదు. ఇక్కడ వాడిన ఫ్రీక్వెన్సీనే నాలుగు ఊళ్ల అవతల మళ్లీ వాడుకోవచ్చు. అది ఖర్చైపోదు. మెల్లగా మాట్లాడితే నాలుగు ఊళ్ల దూరము కూడా అక్కరలేదు, నాలుగు ఇళ్ల అవతలే మళ్లీ వాడుకోవచ్చు. చిన్న సెల్ రహస్యమంతా ఈ మెల్లగా మాట్లాడడములోనే ఉన్నది.

పెద్ద టవరు నుండి చిన్న సెల్ దాకా

1947లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డి.హెచ్. రింగ్ అనే ఇంజనీరు, డబ్ల్యు.ఆర్. యంగ్ అనే సహచరుని తోడ్పాటుతో, ఒక పత్రము వ్రాసినాడు. ఊరంతటికీ ఒకే పెద్ద ట్రాన్స్‌మీటరు పెట్టే బదులు, ఊరిని తేనెపట్టు గదులవలె ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కకు ఒక చిన్న ట్రాన్స్‌మీటరు పెడితే అవే ఫ్రీక్వెన్సీలు మళ్లీ మళ్లీ వాడుకోవచ్చునన్నది ఆ ఆలోచన. ఆ గదికే సెల్ అని పేరు. సెల్‌ఫోను అన్న మాట అక్కడినుండే వచ్చింది. ఆలోచన ఆచరణలోకి రావడానికి చాలా ఏండ్లు పట్టింది. 1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపర్ న్యూయార్కు వీధిలో నిలబడి చేతి ఫోనులో మాట్లాడినాడు. 1979లో జపానులో, 1983లో అమెరికాలోని షికాగోలో సెల్ సర్వీసులు మొదలైనవి. మన దేశములో మొదటి మొబైల్ పిలుపు 1995 జూలై 31న కలకత్తా నుండి ఢిల్లీకి వెళ్లింది.

ఆ మార్టిన్ కూపర్ గారే తరువాత ఒక లెక్క చెప్పినారు. 1950ల తరువాతి అర్ధ శతాబ్దములో గాలిలో ఒకేసారి నడిచే సంభాషణల సామర్థ్యము సుమారు పది లక్షల రెట్లు పెరిగిందట. అందులో ఎక్కువ ఫ్రీక్వెన్సీలు వాడుకలోకి రావడము వల్ల 25 రెట్లు, దారులను సన్నగా చీల్చడము వల్ల 5 రెట్లు, మాటను సంకేతముగా మార్చే పద్ధతులు బాగుపడడము వల్ల 5 రెట్లు. మిగిలిన 1600 రెట్లు కేవలము సెల్‌ను చిన్నది చేసి, అదే దారిని మళ్లీ మళ్లీ వాడడము వల్ల వచ్చినవని ఆయన అంచనా. పిల్లలు ఈ నాలుగు అంకెలను గుణించి చూడవచ్చు, సరిగ్గా పది లక్షలు వస్తుంది. ఎంత కొత్త యంత్రము కనిపెట్టినా, దగ్గరగా ఉండి మెల్లగా మాట్లాడడము ఇచ్చినంత ఫలము మరేదీ ఇవ్వలేదన్నమాట.

ఇక మన ప్రశ్నకు వద్దాము. ఫోనులో నాలుగు గీతలు కనబడుతున్నవంటే టవరు మాట మనకు వినబడుతున్నదని అర్థము. మనకు వంతు దొరుకుతుందని కాదు. ఒక పెద్ద టవరు కింద మూడు నాలుగు ఊళ్లు ఉంటే రాత్రి ఎనిమిదింటికి అందరూ ఒకేసారి వీడియోలు తెరుస్తారు. తూము ఒకటే, మళ్లు వేయి.

దీనిని ఇంకొక విధముగా చూద్దాము. కరోనా కాలములో, 2020 సెప్టెంబరు 1 నుండి, మన పిల్లలకు దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు చెప్పినారు. టి.వి. ఒక్కటే పాఠమును లక్ష ఇళ్లకు ఒకేసారి పంపగలదు. చూసేవారు పెరిగినా దానికి భారము లేదు. కాని పిల్ల లేచి "సార్, ఈ లెక్క నాకు అర్థము కాలేదు" అని అడగాలంటే టి.వి. పనికిరాదు. ఎవరి మాట వారిది కావాలంటే ఎవరి దారి వారికి కావాలి. అందరికీ ఒకే మాట చెప్పడానికి ఎత్తైన స్తంభము మంచిది. ఒక్కొక్కరి మాట వినడానికి చిన్న సెల్లులు చాలా కావాలి.

చిన్న సెల్లులలో రకాలున్నవి. ఇంటిలోనో, దుకాణములోనో పెట్టే డబ్బాను ఫెమ్టో సెల్ అంటారు. దాని అందుబాటు కొన్ని పదుల మీటర్లు. ఆసుపత్రికి, స్టేషనుకు పెట్టేది పికో సెల్, అది నూరు రెండు నూర్ల మీటర్ల వరకు పోతుంది. బజారు మొత్తానికి పెట్టేది మైక్రో సెల్, అది కిలోమీటరు రెండు కిలోమీటర్ల దాకా పోగలదు. ఈ పని మీద ఉన్న సంస్థలు 2007లో ఫెమ్టో ఫోరమ్ అని పెట్టుకొని, 2012లో దాని పేరును స్మాల్ సెల్ ఫోరమ్‌గా మార్చుకున్నవి. 5జి వచ్చిన తరువాత ఈ చిన్న సెల్లుల అవసరము ఇంకా పెరిగింది. ఫ్రీక్వెన్సీ పెరిగిన కొద్దీ తరంగము తక్కువ దూరము పోతుంది, గోడ దగ్గర ఆగిపోతుంది. 700 మెగాహెర్ట్జ్ తరంగము ఊళ్లు దాటిపోతుంది. 26 గిగాహెర్ట్జ్ తరంగము కొన్ని వందల మీటర్లు పోవడమే గొప్ప. మన పాత పెంకుటిళ్లలో దొరికిన సిగ్నలు కొత్త స్లాబు ఇళ్లలో దొరకకపోవడానికి సిమెంటూ, లోపలి ఇనుమూ కారణము.

ఈ పెట్టెలను ఎక్కడ పెట్టాలి? కరెంటు స్తంభాలకు, వీధి దీపాలకు, బస్ షెల్టర్లకు. 2022 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము సవరించిన దారి హక్కు నియమాలలో ఇటువంటి వీధి స్తంభము ఒక్కొక్కటికి సంవత్సరానికి పట్టణాలలో 300 రూపాయలు, గ్రామాలలో 150 రూపాయలు అని నిర్ణయించినారు. అదే సంవత్సరము నవంబరులో ట్రాయ్ ఈ విషయము మీద సిఫారసులు ఇచ్చింది. అంతకుముందు భోపాల్ నగరములో, ఢిల్లీ విమానాశ్రయములో, కాండ్లా ఓడరేవులో, బెంగుళూరు మెట్రోలో ప్రయోగాలు చేసి చూసింది.

"ఇంటి ముందరి స్తంభానికి పెట్టె పెడితే మా పిల్లలకు రేడియేషన్ తగలదా?" అని తల్లులు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. పెద్ద టవరు మీది యంత్రము ఒక్కొక్క పట్టీకి పదుల వాట్ల శక్తితో పని చేస్తుంది. ఇంటి ఫెమ్టో సెల్ శక్తి, వైఫై పెట్టె శక్తి ఒక వాటులో పదో వంతు ప్రాంతములో ఉంటుంది. పైగా టవరు దూరముగా ఉన్నప్పుడు మన చెవి దగ్గరి ఫోనే గట్టిగా అరవవలసి వస్తుంది. సెల్ దగ్గరికి వస్తే ఫోను కూడా మెల్లగా మాట్లాడుతుంది. మన దేశములో టవర్ల తరంగ తీవ్రతకు 2012 సెప్టెంబరు 1 నుండి అంతర్జాతీయ పరిమితిలో పదో వంతును హద్దుగా పెట్టినారు.

దారులు ఎవరివి?

ఇప్పుడు రెండవ సంగతికి వద్దాము. ఈ గాలి దారులు ఎవరి ఆస్తి?

మన దేశములో 1885 టెలిగ్రాఫ్ చట్టము, 1933 వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము వచ్చినప్పటి నుండి లైసెన్సు లేనిదే రేడియో యంత్రము ఉంచుకోకూడదన్నది నియమము. ఒకప్పుడు ఇంటి రేడియోకు కూడా లైసెన్సు పుస్తకము తీసుకొని పోస్టాఫీసులో రుసుము కట్టిన సంగతి మన పెద్దలకు జ్ఞాపకమే. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, క్రికెట్ ప్రసారాల కేసులో, గాలి తరంగాలు ప్రజల ఆస్తి అనీ, వాటిని ప్రజల మేలు కోసము వినియోగించాలనీ తీర్పు చెప్పింది. ఆ తీర్పు ఇచ్చిన వారిలో జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి గారు తెలుగువారే. 2012 ఫిబ్రవరి 2న అదే కోర్టు సరైన పద్ధతి లేకుండా ఇచ్చిన 122 లైసెన్సులను రద్దు చేసింది. ఆ తరువాత వేలాలు సాధారణమైనవి. 2022 వేలములో కంపెనీలు సుమారు లక్షా యాభై వేల కోట్ల రూపాయలకు స్పెక్ట్రమ్ తీసుకున్నవి.

వేలములో కొన్న దారి కొన్నవారిది. దానిలో వారు పెట్టుబడి పెట్టి టవర్లు వేస్తారు, సర్కారుకు రాబడి వస్తుంది. ఇందులో తప్పు లేదు. కాని మొత్తము గాలినంతా వేలము వేస్తే వేలములో నిలబడలేని వారికి ఏమి మిగులుతుంది? పట్టా భూములు ఎన్ని ఉన్నా ఊరికి ఒక బంజరు, ఒక పశువుల దారి, ఒక ఉమ్మడి బావి ఉండాలి కదా.

ఆ ఉమ్మడి బావి పేరే వైఫై. 1985లో అమెరికా కమ్యూనికేషన్ల సంస్థ కొన్ని పట్టీలలో తక్కువ శక్తితో, లైసెన్సు లేకుండా ఎవరైనా వాడుకోవచ్చునని అనుమతించింది. ఆ పట్టీలు అప్పటికి ఎవరికీ పెద్దగా అక్కరలేనివి. వంటింటి మైక్రోవేవ్ ఓవెన్ల వంటివి వాడే 2.4 గిగాహెర్ట్జ్ కూడా వాటిలోనిదే. పనికిరాదన్న ఆ బీడులోనే 1997లో వైఫై ప్రమాణము పుట్టింది. మన దేశములో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకి 2005లో, 5 గిగాహెర్ట్జ్ పట్టీలో 605 మెగాహెర్ట్జ్‌కు 2018లో లైసెన్సు తీసివేసినారు. 6 గిగాహెర్ట్జ్ పట్టీ కింది భాగములో 500 మెగాహెర్ట్జ్‌కు కూడా లైసెన్సు తీసివేయడానికి 2025 మేలో ముసాయిదా నియమాలు వెలువడినవి. దాని పై భాగము తమకు కావాలని మొబైల్ కంపెనీలు కోరుతూ వచ్చినవి. ఉమ్మడి ఎంత, పట్టా ఎంత అన్న పంచాయితీ ఇంకా ఉంటుంది, దానిని గమనిస్తూ ఉండడము పౌరులుగా మన పని.

ఉమ్మడి అంటే ఇష్టారాజ్యము కాదు. ముషాయిరాలో శమా ఎవరి ముందుకు వస్తే వారే చదువుతారు. మొబైల్ టవరు పని అట్లాంటిదే, ఎవరి వంతు ఎప్పుడో టవరే చెబుతుంది. వైఫైలో శమా పట్టుకొని తిరిగేవారు లేరు. అక్కడ నడిచేది హోటలులో చాయ్ దగ్గరి మర్యాద. నోరు తెరిచేముందు చెవి పెట్టి వినాలి, ఎవరైనా మాట్లాడుతుంటే ఆగాలి, ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే ఇద్దరూ తగ్గి, కాసేపు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. ప్రతి వైఫై పెట్టెలో ఈ మర్యాద నియమముగా వ్రాయబడి ఉన్నది. 2014, 2015 ప్రాంతములో కొన్ని పెద్ద కంపెనీలు తమ మొబైల్ పద్ధతిని ఈ 5 గిగాహెర్ట్జ్ ఉమ్మడిలోకి తేబోయినప్పుడు వైఫై వారు అభ్యంతరము చెప్పినారు. సొంత బావి ఉన్నవాడు ఉమ్మడి బావిలో పెద్ద మోటారు దింపినట్లు కాకూడదన్నది వాదము. చివరకు 2016లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణములో ముందు విని తరువాతనే మాట్లాడాలన్న షరతు చేర్చినారు. పెద్దవాడు వచ్చినా మర్యాద ఒకటే.

మన తెలుగు నేల మీద

ఇవి ఎక్కడో జరిగిన కథలు మాత్రమే కావు. 2000ల దశకములో పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ 'అశ్విని' అనే పథకము కింద ఎత్తైన స్తంభాల మీద వైఫై యంత్రాలు పెట్టి ఊరికీ ఊరికీ లంకె వేసింది. ఇంటిలో పనిచేసే చౌక యంత్రమే, దిశ చూపే ఆంటెన్నా బిగిస్తే కిలోమీటర్ల దూరము పోయింది. దాని మీద పల్లెలకు డాక్టరు సలహా, చదువు పాఠాలు అందించే ప్రయత్నము జరిగింది.

శ్రీకాకుళము జిల్లాలో ఎర్నెట్ ఇండియా, మైక్రోసాఫ్ట్ కలిసి ఇంకొక ప్రయోగము చేసినవి. టి.వి. ప్రసారాలకు కేటాయించి ఖాళీగా ఉన్న పట్టీలలో విద్యాసంస్థలకు ఇంటర్నెట్ పంపే ప్రయత్నమది. 2014లో ఐఐటి బాంబే పరిశోధకులు లెక్కకట్టి, 470 నుండి 590 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న 15 టి.వి. దారులలో దేశములో దాదాపు అంతటా కనీసము 12 ఖాళీగా ఉన్నవని తేల్చినారు. టి.వి. తరంగము చెట్లు దాటి పోగలదు, పల్లెకు ఎంతో అనువైనది. అయినా ఆ ప్రయోగాలు ప్రయోగాలుగానే ఆగినవి. కాగితము మీద ఒకరి పేరున ఉండి, నేల మీద ఎవరూ దున్నని భూమి మన ఇలాకాలోనూ చూసినాము. దారులకు కూడా ఆ గతి పడుతుందని దీనివల్ల తెలుస్తున్నది.

మన మంజీర నిజాంసాగరుకు చేరకముందు సంగారెడ్డి జిల్లాలో పారుతుంది. ఆ జిల్లాలోని కంది దగ్గర ఐఐటి హైదరాబాద్ ఉన్నది. 2018లో కేంద్రము సుమారు 220 కోట్లతో 8 సంస్థలకు అప్పగించిన స్వదేశీ 5జి పరీక్షా వేదికలో అదొక భాగస్వామి. అది 2022 మే 17న ప్రారంభమైంది. ప్రొఫెసర్ కిరణ్ కూచి వంటి వారు అక్కడ ఈ పని మీదనే ఉన్నారు. మన ఆడపిల్లలు, మగపిల్లలు ఇంజనీరింగు చదివి బయటి దేశాల టవర్లు ఎక్కడమే కాదు, టవరు లోపలి యంత్రాన్ని గీయడము కూడా ఇక్కడే నేర్చుకోవచ్చునని చెప్పడానికి ఈ మాట.

మూడు వంతుల పద్ధతి

పంచుకోవడములో పట్టా, ఉమ్మడి కాక మూడవ మార్గము కూడా ఉన్నది. అమెరికాలో 3550 నుండి 3700 మెగాహెర్ట్జ్ వరకు నౌకాదళము రాడార్లకు వాడుకునేది. ఓడలు లేనిచోట, రాడారు నడవని వేళ ఆ పట్టీ ఊరికే పడి ఉండేది. 2015లో అక్కడ కొత్త నియమాలు చేసి, 2020 జనవరిలో పూర్తిగా వాడుకకు వదిలినారు. అందులో మూడు వరుసలు. మొదటి హక్కు నౌకాదళానిది. రెండవ హక్కు వేలములో ఆ జిల్లాకు రుసుము కట్టినవారిది. మూడవది ఎవరికైనా, మిగిలినంత మేరకు. ఎవరు ఎక్కడ ఎంత వాడుతున్నారో ఒక కంప్యూటరు నిముషము నిముషము లెక్క చూసి అనుమతి ఇస్తుంది. రాడారు వస్తే అందరినీ పక్కకు జరుపుతుంది.

మన కాలువ కింద ఇది కొత్త న్యాయమేమీ కాదు. ముందు తాగునీరు, తరువాత నమోదైన ఆయకట్టు, మిగిలితే పక్క పొలాలు. కంప్యూటరు చేసేది లస్కరు పని. ఈ పట్టీలో ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, కొన్నిచోట్ల పాఠశాలలు తమ సొంత చిన్న సెల్లులు పెట్టుకున్నవి. బ్రిటన్‌లో 2019 నుండి ఇంకొక పద్ధతి తెచ్చినారు. 3.8 నుండి 4.2 గిగాహెర్ట్జ్ పట్టీలో చిన్న జాగాకు, తక్కువ శక్తికి, 10 మెగాహెర్ట్జ్‌కు సంవత్సరానికి 80 పౌండ్ల రుసుము పెట్టినారు. వేల కోట్ల వేలములో నిలవలేని రైతు సంఘమైనా, కాలేజీ అయినా ఆ రుసుము కట్టగలదు.

మన పార్లమెంటు 2023లో చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టములో కూడా దీనికి తలుపు ఉన్నది. ఒకరికి కేటాయించిన స్పెక్ట్రమ్‌లో కొంత భాగాన్ని రెండవ వాడకందారుకు ఇవ్వవచ్చును. సరైన కారణము లేకుండా వాడక పడి ఉన్నదానిని సర్కారు వెనక్కి తీసుకోవచ్చును. తలుపు ఉన్నదంటే తెరిచినట్లు కాదు. తట్టేవారు ఉండాలి.

మన చేతిలో ఉన్నది

ఇంతవరకు చెప్పినది వినడానికి బాగుంటుంది. ఇక మన ఊరిలో మనము ఏమి చేయాలి? నాలుగు మాటలు మనవి చేస్తాము.

మొదటిది కొంచెము చేదు మాట. సిగ్నలు బూస్టరు అని ఒక డబ్బా అమ్ముతున్నారు. దానిని మేడ మీద పెడితే మన ఇంట్లో గీతలు పెరుగుతవి. కాని ఆ డబ్బాకు మంచి మాట, చెడ్డ శబ్దము తేడా తెలియదు. అన్నిటినీ కలిపి గట్టిగా టవరు వైపు అరుస్తుంది. ఆ అరుపులో అదే టవరు కింద ఉన్న ఇరుగుపొరుగు ఫోనుల మాట టవరుకు వినబడదు. పై తూము దగ్గర దొంగ మోటారు అంటే ఇదే. కంపెనీ అనుమతి లేకుండా దానిని పెట్టడము చట్ట ప్రకారము నేరము. మన ఇంట్లో వెలుగు కోసము పక్కవాడి దీపము ఆర్పరాదు. కాన్పుకు అంబులెన్సు పిలవబోయిన ఇంటికి ఫోను కలవకపోతే ఆ బాధ్యత ఎవరిది? సంఘము సభ్యుల ఇళ్ల మీద అటువంటి డబ్బా ఒక్కటి కూడా ఉండకూడదని మా మనవి. ఇంట్లో సిగ్నలు లేకపోతే చట్టబద్ధమైన దారి ఉన్నది. బ్రాడ్‌బ్యాండు ఉన్న ఇంట్లో వైఫై కాలింగ్ పెట్టుకోండి. మన దేశములో అది 2019 డిసెంబరు, 2020 జనవరి నుండి వచ్చింది, చాలా ఫోన్లలో సెట్టింగ్ మార్చితే చాలు, వేరే రుసుము లేదు. కంపెనీకి వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. అక్కడ పరిష్కారము కాకపోతే అదే కంపెనీలోని అప్పీలు అధికారికి పంపండి. ఒక్కరు వ్రాస్తే ఒక కాగితము, నలభై ఇళ్లు కలిసి వ్రాస్తే అది ఊరి మాట.

రెండవది ఇంటి వైఫై మర్యాద. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని దారులు మూడే, 1, 6, 11 నంబర్లవి. పక్కింటివారు 1లో ఉంటే మీరు 6కు మార్చుకోండి. పెట్టెను బీరువా వెనుక దాచక, ఇంటి నడుమ, ఎత్తులో పెట్టండి. అదే గదిలో ఉన్న టి.వి.కి, కంప్యూటరుకు 5 గిగాహెర్ట్జ్ వాడితే పొరుగువారికి అడ్డము రాదు, మీకూ వేగము వస్తుంది. ఇది మన పిల్లలు పది నిముషాలలో చేయగల పని. సెలవులలో ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి బజారు మొత్తము సరిచేసి రావచ్చు.

మూడవది ఫైబరు. చిన్న సెల్ అయినా, వైఫై అయినా పిల్ల కాలువ మాత్రమే. పెద్ద కాలువలో నీరు లేకపోతే పిల్ల కాలువ ఎంత చక్కగా తవ్వినా ఎండే ఉంటుంది. ఆ పెద్ద కాలువే గాజు తీగ. గ్రామ పంచాయతీలన్నిటికీ ఆ తీగ వేయాలని కేంద్రము 2011లో నిర్ణయించింది. అదే తరువాత భారత్‌నెట్ అయింది. 2023 ఆగస్టులో దానిని సవరించి 1,39,579 కోట్ల రూపాయల పథకము చేసినారు. మన రాష్ట్రములో ఆ పని టీ-ఫైబర్ ద్వారా నడుస్తున్నది. మన పంచాయతీ కార్యాలయానికి తీగ వచ్చిందా, వచ్చినది వెలుగుతున్నదా, అక్కడి నుండి బడికి, ఆసుపత్రికి, అంగన్‌వాడీకి పోయిందా అని గ్రామసభలో అడగాలి. హిందువు ఇల్లు, ముస్లిము ఇల్లు అని తీగకు తేడా లేదు కనుక ఈ ప్రశ్న ఊరంతా కలిసి అడగవలసినది.

నాలుగవది మన సంఘము గదిలో ఒక పబ్లిక్ వైఫై. 1980ల చివర, 1990లలో పసుపు రంగు బోర్డుల ఎస్.టి.డి. బూతులు మీకు జ్ఞాపకమే. ఇంట్లో ఫోను లేనివారు అక్కడ నిలబడి, మీటరు చూసుకుంటూ, గల్ఫులో ఉన్నవారితో రెండు మాటలు మాట్లాడి కళ్లు తుడుచుకొని వచ్చేవారు. 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన పి.ఎం. వాణి పథకము ఆ బూతుకు ఈనాటి రూపము. చాయ్ హోటలు, కిరాణా కొట్టు, గ్రంథాలయము ఏదైనా ఒక పబ్లిక్ డేటా ఆఫీసు కావచ్చు. దానికి లైసెన్సు అక్కరలేదు, ప్రభుత్వానికి రుసుము లేదు. ఎవరు వాడినారో లెక్క చూసే పని మధ్యనున్న సంస్థ చేస్తుంది. వాడేవారు తమ ఫోను నంబరుతో లోపలికి వస్తారు. చాలా రోజులు దీనికి అడ్డమైనది బ్రాడ్‌బ్యాండు కిరాయి. చిన్న దుకాణాల దగ్గర కూడా ఖరీదైన లైను కిరాయి అడిగేవారు. 2025 జూన్‌లో ట్రాయ్ ఉత్తర్వు ఇచ్చి, 200 ఎం.బి. వేగము వరకు మామూలు ఇంటి కనెక్షను ధరకు రెండు రెట్లు మించి ఇటువంటి ఆఫీసుల దగ్గర తీసుకోరాదన్నది.

ఇది పెట్టినంత మాత్రాన గది బడి కాదు. రాత్రి పది దాకా సినిమాలు చూసేవారి అడ్డా అయితే మన డబ్బు, ఆడపిల్లల అవకాశము రెండూ పోతవి. మన ఇళ్లలో ఫోను ఒకటే ఉంటే అది అన్న చేతిలో ఉంటుంది, తమ్ముడి చేతిలో ఉంటుంది, చెల్లెలి వంతు చివర వస్తుంది. కాలువలో చివరి భూమి ఎట్లాగో ఇంట్లో ఆడపిల్ల అట్లా అయిపోతున్నది. కనుక సాయంత్రము నాలుగు నుండి ఆరు దాకా గది ఆడపిల్లలకే ఉండాలి, ఒక పెద్దమ్మ అక్కడ కూర్చోవాలి. దరఖాస్తుల కాలములో ఆ పనికే మొదటి వంతు ఇవ్వాలి. మిగిలిన వేళలు అందరివి. నౌకాదళము, రుసుము కట్టినవారు, మిగిలినవారు అని అమెరికాలో కంప్యూటరు చూసే వంతును మనము గోడ మీద ఒక కాగితముతో నడపవచ్చు. నెల కిరాయి, కరెంటు ఖర్చు, వచ్చిన రాబడి లెక్కను నోటీసు బోర్డు మీద పెట్టాలి.

సోదరులారా, అక్కచెల్లెళ్లారా, నిజాంసాగరు నీరు మనకంటే ముందున్నవారు వంతులు వేసి, కొట్లాడి, సర్దుకొని పంచుకున్నారు. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడినప్పుడు మన పిల్లలలో ఎంతోమంది వేరే పని వెతుక్కుంటూ పోయినారు. వారి ఉత్తరము, వారి ముఖము, వారు పంపే పైకము కబురు ఈ గాలి దారిలోనే వస్తున్నవి. ఆ దారి కొనలేనివారికి కూడా అందులో వాటా ఉన్నదని కోర్టు చెప్పింది, సైన్సు చూపింది. ఆ వాటాను తెలుసుకొని అడగడము, అడిగి పొందినదానిని పక్కింటికి అడ్డము రాకుండా వాడుకోవడము మన మీద ఉన్నవి. సంఘము గదిలో వైఫై పెట్టే విషయము ఈ మధ్యాహ్నము సభ ముందుకు తీర్మానముగా వస్తున్నది. దాని మీద మీ సందేహాలు, అభ్యంతరాలు కూడా మొహమాటము లేకుండా చెప్పవలసినదిగా కోరుతున్నాము. ముఖ్యముగా ఆడపిల్లలు లేచి మాట్లాడాలి, ఆ తరువాతనే చేతులు ఎత్తుదాము.